సగం గిన్నె దాటాక

ఫిబ్రవరి 11

బావను ఇంటికి తెచ్చాం. పక్షవాతం వచ్చి నెల్లూరు ఆస్పత్రిలో పందొమ్మిది రోజులు. కుడి చెయ్యి, కుడి కాలు లేవవు. మాట లేదు. గొర్రెల బండి స్టీరింగు పట్టుకుని ఉదయగిరి నుంచి ఏ సంతకైనా కళ్ళు మూసుకుని పోయే మనిషి, ఇవాళ మంచం మీద పక్కకు తిరగాలన్నా నేనే తిప్పాలి.

ముక్కులో గొట్టం తీసేసి పంపారు. డాక్టరు నన్ను విడిగా పిలిచి మరీ చెప్పాడు. గొంతులో మింగే కండరం మందగించిందట. నీళ్ళు, టీ, మజ్జిగ, పలచగా ఉండేది ఏదైనా సరే, కడుపులోకి పోవలసింది ఊపిరితిత్తుల్లోకి పోతుందట. చెంచాతో తీసి వంచితే ముద్దగా జారాలి, ధారగా కారకూడదు. ఆస్పత్రిలో ఒకసారి వచ్చిన న్యుమోనియా, అదే నెమ్ము, మళ్ళీ చేస్తే తట్టుకోలేడు అన్నాడు. నోటితో తిన్నన్నాళ్ళే మనిషికి బలం అని కూడా అన్నాడు.

నాకా చెప్పేది? ఇరవై రెండేళ్ళుగా అంగన్‌వాడీ టీచర్ని. పళ్ళు రాని పిల్లలకి, తినమంటే మొండికేసే పిల్లలకి, ఎంతమందికి జావ పట్టానో లెక్కలేదు. మాకు పిల్లల్లేరు గాని నా చేతి ముద్ద తినని పిల్ల మా వీధిలో లేదు. నా మొగుడు ఒక్కడికి పెట్టుకోలేనా?

ఫిబ్రవరి 12

రాగి జావ. చెంచా వంచితే ముద్దగా జారింది. అంతా తిన్నాడు. దగ్గలేదు.

ఫిబ్రవరి 14

వెంకమ్మ వచ్చింది. బావకు ఒక్కతే చెల్లెలు. చేజర్ల దగ్గర పల్లెలో ఇల్లు, మేకలు. వాటిని మొగుడు తిరుపాలు మీద వదిలేసి, రెండు చీరలు సంచిలో కుక్కుకుని వచ్చేసింది. నేను తొమ్మిదికి సెంటర్‌కి పోతే నాలుగున్నరకి గాని రాను. మధ్యాహ్నం కూడు ఆమె పెట్టాలి.

గుమ్మంలో నిలబడి వాళ్ళన్నను చూసి ఏడవలేదు. "ఏందన్నా, ఎప్పుడూ బండి మీదనే ఉంటివి, ఇప్పుడు మంచం మీద సెలవా?" అనింది. బావ నోరు ఒక పక్కకే సాగింది. అది నవ్వు. పందొమ్మిది రోజుల్లో నేను తెప్పించలేని నవ్వు ఆమె ఒక్క మాటతో తెప్పించింది. సంతోషించాలి గదా, సంతోషించాననే రాసుకుంటాను.

పెట్టే పద్ధతి నేర్పించాను. దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాలి. అర చెంచా చొప్పున పెట్టాలి. మింగాడో లేదో గొంతు మీద వేలు పెట్టి చూడాలి. వేడి ఎంతుందో పెదవికి ఆనించి చూసుకోవాలి. అన్నిటికీ తల ఊపింది. తర్వాత నాకే నేర్పింది, "వదినా, ఎడమ బుగ్గ పక్కన పెడితే బాగా మింగతా ఉండాడు చూడు" అని.

ఫిబ్రవరి 18

జావ మొదట్లో బాగానే పోతుంది. సగం గిన్నె దాటాక దగ్గు. నిన్న అంతే, ఇవాళ అంతే. మిల్లులో రాగులు బరకగా ఆడించాడు, అందుకే గొంతులో గీరుకుంటుంది. జల్లెడ పట్టాలి.

ఆయన షుగర్ మాత్రం అదుపులో ఉంది. రాగి మెల్లగా అరుగుతుంది. విరేచనం కూడా సాఫీగానే అవుతోంది.

ఫిబ్రవరి 19

దగ్గు కాదు. గొంతు సవరించుకున్నాడు.

ఫిబ్రవరి 23

రాగులు మానేసి బియ్యప్పిండి గంజి కాచాను. వెన్నలా ఉంది. గొంతులో గీరుకునే పనే లేదు. రెండో రోజుకే షుగర్ రెండొందల తొంభై. తెల్ల బియ్యం ఇట్లా నోట్లో పడీ పడగానే రక్తంలోకి ఎక్కుతుందని గర్భిణులకి నేనే చెబుతాను, నా ఇంట్లో నేనే కాచాను.

పైగా సగం గిన్నె దాటాక దీనికీ దగ్గాడు, చూస్తే కొంచెం పలచబడింది. ఆ బియ్యంలో సత్తువ లేదు.

ఫిబ్రవరి 26

సగ్గుబియ్యం. చెంచా ఎత్తితే గిన్నె దాకా తీగ సాగుతుంది. ఒక బుక్క పెడితే అంగిలికి అతుక్కుని ఐదు నిమిషాలు తిప్పలు పడ్డాడు. మూడు రోజులుగా విరేచనం లేదు. కడుపు డప్పులాగా ఉంది. వెంకమ్మ ఆముదం వెచ్చచేసి బొడ్డు చుట్టూ రాసింది. "మా మేకలకి ఉబ్బరమొస్తే ఇట్నే చేస్తాం" అనింది. మనిషినీ మేకనూ ఒకే గాటన కట్టేస్తుంది ఈమె. అయినా సాయంత్రానికి కడుపు తగ్గింది.

ఫిబ్రవరి 28

కార్న్ ఫ్లోర్. వేడిగా ఉన్నప్పుడు గట్టిగానే ఉంది. చల్లారాక పక్కన నీళ్ళు వదిలింది. డబ్బా పక్కన పెట్టేశాను.

మార్చి 2

ఇవాళ పాలగుండ, అదే ఆరారూట్ పిండి, దొరికింది. ఉదయగిరి బజార్లో నాటు మందులమ్మే గురుస్వామి దగ్గర. చంటిబిడ్డలకి విరేచనాలైతే పెద్దవాళ్ళు పట్టేది ఇదే. చన్నీళ్ళలో కలిపి పొయ్యి మీద పెడితే రెండు నిమిషాల్లో అద్దంలాగా అయింది. ఎక్కువసేపు కాగితే మళ్ళీ జారుడైపోతుంది, గభాలున దించాలి. రాగి జావలోనే కొంచెం కలిపాను. రాగి నిదానం, పాలగుండ నునుపు, రెండూ ఉంటాయి గదా.

బావ చప్పరించి మరీ తిన్నాడు. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ గిన్నె అడుగున మిగిలింది ఎప్పటిలాగే నేను తాగాను. పెళ్ళయినప్పటినుంచి ఆయన కంచంలో మిగిలింది నేను తినకుండా పారెయ్యలేదు, ఇప్పుడు పారేస్తానా? చల్లగా దిగిపోయింది. అందులో దోషం ఏమీ లేదు.

ఈసారి కుదిరింది. నాకు తెలుసు.

మార్చి 5

సెక్టార్ మీటింగు తొందరగా అయిపోతే రెండున్నరకే ఇంటికొచ్చాను. వెంకమ్మ పెరట్లో బావ దుప్పట్లు ఉతుకుతోంది. మంచం పక్కన స్టూలు మీద గిన్నె, మూత పెట్టి ఉంది. మూత తీశాను.

నీళ్ళు.

పైన నీళ్ళు, అడుగున పిండి రేణువులు. పొద్దున నేను కాచి పెట్టిపోయింది చెంచా నిలబడేంత చిక్కన. గిన్నె వంచితే ధారగా కారింది.

మూత పెట్టేశాను. అడగకుండా నింద వెయ్యడం నా పద్ధతి కాదు.

మార్చి 6

పరీక్ష పెట్టాను. పొద్దున కాచిన జావ రెండు గిన్నెల్లో పోశాను. ఒకటి వెంకమ్మకి ఇచ్చాను. ఇంకొకటి మూత పెట్టి బియ్యం డబ్బా వెనక దాచాను. సాయంత్రం వచ్చి రెండూ చూశాను. నేను దాచింది పొద్దున ఎట్లా పోశానో అట్లాగే ఉంది, చెంచా గుచ్చితే నిలబడింది. వెంకమ్మ పెట్టగా మిగిలింది నీళ్ళు.

పిండి తప్పు కాదు. పాలగుండ తప్పు కాదు. రాగుల్ని, బియ్యాన్ని, సగ్గుబియ్యాన్ని ఇన్నాళ్ళూ ఊరికే ఆడిపోసుకున్నాను. ఎండ తప్పు కూడా కాదు, రెండు గిన్నెలూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఇంక మిగిలింది మనిషే గదా.

చిక్కటిది పెట్టాలంటే గంట పడుతుంది. పలచగా చేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది.

మార్చి 7

అడిగాను. నెమ్మదిగానే మొదలుపెట్టాను.

"వెంకమ్మా, జావలో నీళ్ళు కలపతా ఉండావా?"

"లేదే. ఎందుకు కలపతాను?"

గిన్నె చూపించాను. చూసి, "అవును వదినా, తినేకొద్దీ పలచనైతా ఉండాది. నేనూ చూసినాను. నువ్వు కాచేదే అంతేమో అనుకున్నా" అనింది.

నేను కాచేదే అంతేమో అట. దాచిన గిన్నె సంగతి చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది.

"అంటే నన్ను పరీక్ష చేసినావా? నా అన్నకి నేను పెట్టే కూటికి పరీక్షా?"

"మేకలకి కుడితి పోసినట్టు పోసేసి పనైపోయిందనుకుంటే ఎట్లా వెంకమ్మా? ఆయన ఊపిరితిత్తుల్లోకి పోతాది అది."

గిన్నె తీసి స్టూలు మీద పెట్టింది. తర్వాత అనింది, "కుడితి కూడా నేను పలచగా పొయ్యను వదినా."

బావ మంచం మీద నుంచి ఎడమ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. గొంతులోంచి ఏదో శబ్దం. ఆయనకూ కోపం వచ్చినట్టుంది చెల్లెలి మీద. పాపం, చెప్పలేడు గదా.

మార్చి 8

పొద్దున బస్సుకి వెళ్ళిపోయింది. పోయేముందు వాళ్ళన్నకి ముఖం తుడిచి, తల దువ్వింది. నాతో చెప్పలేదు.

సెంటర్లో మహిళా దినోత్సవం. ముగ్గులు వేయించి, ఫోటోలు తీసి పంపాను. రేపటినుంచి సెలవు పెట్టాను. ఆయా శీనమ్మ చూసుకుంటుంది.

మార్చి 9

మూడు పూటలూ నేనే పెట్టాను. నాలుగు చెంచాలు తిని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కడుపు నిండినట్టుంది.

మార్చి 10

ఇవాళ కూడా అంతే. ఎండలు ముదిరాయి, ఎవరికైనా ఆకలి మందగిస్తుంది.

మార్చి 12

బుజ్జగించి, పాటలు పాడి, నలభై నిమిషాలు కూర్చుని గిన్నె దాదాపు మొత్తం పెట్టాను. చివర్లో దగ్గాడు. మిగిలింది తాగుతుంటే నాకు కూడా కొంచెం పలచగా అనిపించింది. తొందరలో పాలగుండ తక్కువ వేసుంటాను.

మార్చి 13

పాలగుండ తక్కువ వెయ్యలేదు. కొలిచి వేశాను.

ఎండకేమో.

మార్చి 16

బావ ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి తీస్తుంటే ఛాతీలో గరగర. కారు మాట్లాడాను. ఆత్మకూరు ఆస్పత్రిలో చూసి, ఇక్కడ కుదరదు, నెల్లూరు తీసుకుపొమ్మన్నారు. సంగం దాటేదాకా నా ఒళ్ళో తల పెట్టుకుని చెవి దగ్గర మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

మార్చి 17

నెమ్ము. రెండు పక్కలా. మళ్ళీ ముక్కులో గొట్టం.

డాక్టరు అడిగాడు, పలచనివి ఏమన్నా ఇచ్చారా అని. నేను ఇవ్వలేదండీ అన్నాను. "నేను" అనే మాట ఒత్తి పలికాను. అది కూడా రాసుకోవాలి.

మార్చి 19

లిఖిత అని ఒక చిన్నమ్మాయి వార్డుకి వచ్చింది. మింగడం, మాట్లాడడం మళ్ళీ నేర్పించే ఆమె. ఇంట్లో ఎట్లా పెట్టేవాళ్ళో మొదటినుంచి చెప్పమంది. నేను పిండి సంగతి మొత్తం చెప్పాను, ఏది ఎట్లా ఉడుకుతుందో, ఏది ఎట్లా అరుగుతుందో. బాగా తెలుసే ఆంటీ మీకు అని మెచ్చుకుంది. వెంకమ్మ సంగతి కూడా చెప్పాను. గొంతు తగ్గించి చెప్పాను, పెద్దమనిషి తరహాలో.

ఆ పిల్ల అంతా కాగితం మీద రాసుకుంది. "ఎన్ని చెంచాలు వాడేవాళ్ళు ఆంటీ?" అని అడిగింది.

ఒకటే, ఎన్ని కావాలి?

"నోట్లో పెట్టిన చెంచానే మళ్ళీ గిన్నెలో ముంచేవాళ్ళా?"

ముంచక? ఆయన గిన్నె, ఆయన నోరు. కుండలో ఎంగిలి చెంచా పెడితే తప్పు గాని, ఎవరి కంచంలో వాళ్ళ ఎంగిలికి తప్పేముంది?

పక్క మంచం వాళ్ళకి తెచ్చిన గంజి రెండు గ్లాసుల్లో పోయించింది. చిక్కటి గంజి. ఒక చెంచా నన్ను నోట్లో పెట్టుకుని తీయమంది. దాంతో ఒక గ్లాసు కలపమంది. మళ్ళీ నోట్లో, మళ్ళీ గ్లాసులో, నాలుగైదుసార్లు. రెండో గ్లాసు ముట్టుకోవద్దంది. పది నిమిషాలు ఏవో కబుర్లు చెప్పింది. తర్వాత రెండు గ్లాసులూ వంచి చూపించింది. ఒకటి ముద్దగా జారింది. నేను ఎంగిలి చేసింది ధారగా కారింది.

"ఏ పిండైనా అంతే ఆంటీ. కొంచెం ముందూ వెనకా, అంతే తేడా. ఎంగిలి తగలగానే విరిగి నీరవుతుంది. పిండి అరగడం నోట్లోనే మొదలవుతుంది గదా. గిన్నెలోంచి తీసే చెంచా వేరే ఉండాలి. నోటి చెంచా గిన్నెను తాకకూడదు. మీరు డిశ్చార్జి అయినప్పుడు ఎవరో ఒకరు చెప్పాల్సింది."

నోట్లోనే మొదలవుతుందట. నా సెంటర్ గోడ మీద ఆ చార్టు ఉంది. పదకొండేళ్ళుగా ఉంది. కర్ర పెట్టి చూపించి పిల్లల చేత చెప్పిస్తాను.

మార్చి 20

వెంకమ్మ నీళ్ళు కలపలేదు.

మార్చి 21

ఆమె గంటసేపు ఓపిగ్గా పెట్టేది, అందుకే అంత పలచన అయ్యేది. మిగిలింది సాయంత్రం దాకా మూత పెట్టి ఉంచేది, అందుకే ఇంకా నీరయ్యేది. నేను గబగబా పెట్టి, మిగిలింది వెంటనే తాగేసేదాన్ని, అందుకే అంత నీరవడం నాకు కనపడేది కాదు. పైగా ప్రతి చెంచా నా పెదవికి ఆనించి మరీ పెట్టాను. ఆయన ఎంగిలి చాలదని నా ఎంగిలి కూడా కలిపాను. నేను దాచిన గిన్నెలో ఎవరి నోరూ పడలేదు, అందుకే అది బాగుంది. పరీక్ష సరిగ్గానే పెట్టాను. జవాబు చూడడం చేతకాలేదు.

బావ ఆ రోజు చెయ్యి ఊపింది చెల్లెలి మీద కోపంతో కాదు. ఆమె కలపడం లేదని ఆయనకు తెలుసు, పొద్దస్తమానం చూస్తూనే ఉన్నాడు గదా. కాదు, కాదు అని నాకు చెప్పాడు.

మార్చి 22

గొట్టంలో పాలు పోస్తున్నారు. ఇవాళ మధ్యాహ్నం కళ్ళు తెరిచి నన్ను చూసి నోరు తెరిచాడు. పెట్టమని. ఇంటి దగ్గర ముఖం తిప్పుకున్న మనిషి ఇప్పుడు నోరు తెరిచి చూస్తున్నాడు, నేను ఒక్క చెంచా కూడా పెట్టకూడదు. తడి గుడ్డతో పెదవులు తుడిచాను. నోరు మూయలేదు.

మార్చి 24

బావ పోయాడు. నిన్న పదకొండు గంటలకు.

ఏప్రిల్ 5

నిన్నటితో కర్మకాండ అయిపోయింది. వెంకమ్మ పన్నెండు రోజులూ ఉంది. వచ్చినవాళ్ళకి వండింది, అంట్లు తోమింది, నా పక్కనే పడుకుంది. అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. చెప్పాలని రోజూ అనుకున్నాను. మనుషులున్నారు గదా అని రోజూ ఆగాను. ఇవాళ మనుషులందరూ వెళ్ళిపోయారు. ఆమె సంచి సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "బస్సు దొరకతాదా?" అని అడిగాను. అంతే అడిగాను.

ఏప్రిల్ 8

బావ పోయిన రోజు డాక్టరు అన్నాడు, పక్షవాతం వచ్చినవాళ్ళకి ఎంత జాగ్రత్తగా ఉన్నా నెమ్ము రావచ్చమ్మా అని. రావచ్చట. ఆ మాట పట్టుకుని మూడు రోజులు గడిపాను. ఇంక గడవదు.

ఏప్రిల్ 11, ఆత్మకూరు బస్టాండు

ఇంటికి పోయేదాకా ఆగలేక ఇక్కడే బెంచీ మీద రాస్తున్నాను.

పొద్దున చేజర్ల బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో వాళ్ళ పల్లెకి పోయాను. వెంకమ్మ దొడ్లో మేకలకి రొట్ట కడుతోంది. నన్ను చూసి కొడవలి కింద పెట్టింది. తిరుపాలు మంచం వాల్చాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. చెంచా సంగతి, ఎంగిలి సంగతి, రెండు గ్లాసుల సంగతి. నువ్వు నీళ్ళు కలపలేదు, నా చేత్తో నేనే నీళ్ళు చేసి మీ అన్నకి పోశాను అన్నాను. కుడితి అన్న మాట కూడా తలచుకుని చెప్పాను. ఏడుపొచ్చి నడిమధ్యలో ఆగిపోయాను.

వెంకమ్మ అంతా వినింది. చేతికంటిన ఆకు పసరు కొంగుకి తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా అనింది.

"ఆ పిల్ల చెప్పిందంతా ఏమో గాని వదినా, నేను కలిపినాను."

"ఏంది?"

"నీళ్ళు. రెండు మూడుసార్లు కలిపినాను. మింగలేక అన్న అవస్థ పడతా ఉంటే చూడలేకపొయినాను. ఆ పొద్దు నువ్వు అడిగితే భయపడి లేదని చెప్పినాను. నువ్వు అనిందే నిజం."

తిరుపాలు ఆమె వైపు చూశాడు. తర్వాత నేల చూశాడు.

"నువ్వు మనసులో ఏమీ పెట్టుకోబాక. చెంచా మాట ఇంకెవురితోనూ అనబాక. మొగుడు పొయినదానివి, ఇది కూడా మోస్తావా? పా, చెయ్యి కడుక్కో, కూడు తిందువు."

నేను "అట్నా" అన్నాను. లోపలికి పోయి కూర్చుని, పెట్టింది తిన్నాను. ఆటో దాకా వచ్చి ఎక్కించింది.

నమ్మాను. చేజర్ల నుంచి ఆత్మకూరు వచ్చేదాకా పూర్తిగా నమ్మాను. కిటికీ పక్కన సీటు దొరికింది, గాలి తగిలింది, నెల రోజుల తర్వాత కంటికి నిద్ర పట్టింది. నేను కాదు, ఆమె కలిపింది అనుకుంటే ఒళ్ళు దూదిలాగా అయిపోయింది. అంత హాయిగా ఉందని రాసుకోవడానికి సిగ్గేస్తోంది, కానీ ఉండింది.

ఇక్కడ దిగి, నీళ్ళ సీసా కొనుక్కుని, మూత తిప్పేసరికి ఆ నమ్మకం అయిపోయింది. వెంకమ్మ భయపడే మనిషి కాదు. కలిపి ఉంటే ఆ రోజే, కలిపినాను ఏం చేస్తావు అని నా ముఖం మీదే అనేది. అన్న ఊపిరితిత్తుల్లోకి పోతుందని తెలిసీ ఒక్క చుక్క కలిపే మనిషి కాదు. నేను వేసిన నిందను నా కోసం తానే ఒప్పుకుంది, తన అన్నను చంపిన పాపం నెత్తిన పెట్టుకుంది, మొగుడి ముందు. నేను అట్నా అని, ఆమె చేతి కూడు తిని, బస్సెక్కాను.

ఉదయగిరి బస్సు వచ్చి పది నిమిషాలు ఆగింది. కండక్టరు నన్ను చూసి కేకేశాడు కూడా. ఎక్కలేదు. చేజర్ల వైపు పోయేది ఇంకో గంటకి ఉందట. ఆమె ఒప్పుకోదు, కలిపినాననే అంటుంది, గట్టిగా అరుస్తుంది. అరిచినా సరే, నువ్వు కలపలేదు వెంకమ్మా అని తిరుపాలు వినేటట్టు చెప్పాలి. ఆమె ఎంత అరిచినా ఈసారి నేను అట్నా అనకూడదు.